ఆలంపూర్ కట్టెమేడ అతుకులు

నా సంగతి ముందే చెప్పుకుంటే మంచిది. నేను అనుమానప్పక్షిని. మా ఆవిడ పెట్టిన పేరది, చుట్టాలంతా ఖాయం చేశారు. పెళ్లికి వెళ్తే ముందు వంటల దగ్గరికి పోయి సిలిండర్ పైపు వాసన చూస్తాను. లాడ్జిలో దిగితే మెట్లకు అడ్డంగా పాత మంచాలేమైనా పడేశారేమో చూశాకే చెప్పులు విప్పుతాను. నల్లగొండ ఫైర్ స్టేషన్‌లో ఉద్యోగం చేసి రిటైరైనవాడికి ఇంకేం బుద్ధులు వస్తాయి చెప్పండి?

అలాంటి నాకు మా తమ్ముడు యాదగిరి ఫోన్ చేశాడు. "అన్నా, మన శ్రీలత ఉండే బిల్డింగు మొత్తం కట్టెదేనంట. ఇటుక లేదు, సిమెంటు లేదు. మూడంతస్తులంట. నువ్వొక్కసారి పోయి చూసి చెప్పరాదే."

శ్రీలత వాడి కూతురు. ఆలంపూర్ దగ్గర ఆడపిల్లలకు మగ్గం పని నేర్పే కేంద్రంలో టీచరు. హాస్టలు బాధ్యత కూడా ఆమెదే, అందుకని పై అంతస్తులో గది ఇచ్చారు. కాన్పుకు పుట్టింటికొచ్చి, చంటిపాపను తీసుకుని ఈమధ్యే మళ్లీ డ్యూటీలో చేరింది. అల్లుడు లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు. ఈ పాప కంటే ముందు పుట్టిన బిడ్డ నెల తిరక్కుండానే పోయింది. అందుకే ఈ పాప గురించి మా వాళ్లందరికీ ఒకటే బెంగ.

కట్టెతో మేడ కట్టి, అందులో ఆడపిల్లల్ని పడుకోబెట్టడమేమిటి? ఎవరో ఎవరినో మోసం చేస్తున్నారని నాకు అప్పుడే అనిపించింది. సంచి సర్దుకుని బయల్దేరాను. పోయింది పోయినట్టు, చూసింది చూసినట్టు అన్నీ రాస్తున్నాను. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం, నేనైతే ఊరికే నమ్మేవాణ్ని కాదు.

మర్రిగూడ

ముందు తమ్ముడింటికి వెళ్లాను. మేం పుట్టి పెరిగిన ఊరే అయినా అక్కడి ఫ్లోరైడ్ నీళ్లంటే నాకు ఇప్పటికీ గుబులు. మా ఈడువాళ్లలో కాళ్లు వంకరపోయినవాళ్లు, నడుం నిటారుగా నిలవనివాళ్లు వీధికొకరు కనిపిస్తారు. యాదగిరి గ్లాసుడు నీళ్లిస్తే వెలుగుకెత్తి చూశాను.

"నల్లా నీళ్లే అన్నా, బోరుయి కావు" అన్నాడు.

"నీకెవరు చెప్పిండ్రు?"

"నల్లానే చెప్పింది. తాగరాదు జర!"

తాగాను. మరదలు పద్మ జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, కందిపప్పు వేపుడు పెట్టింది. మా నల్లగొండ ఇంట్లో పచ్చిపులుసులో బెల్లం ముక్క పడుతుంది. ఇక్కడ అదేమీ లేదు, పులుపు నషాళానికి అంటుతుంది. యాదగిరి గొర్రెల దొడ్డి నుంచి వస్తూనే అసలు విషయం ఎత్తాడు. "నువ్వు బాగలేదన్నవనుకో, అప్పటికప్పుడే తల్లినీ పిల్లనూ తోలుకరా. నౌకరి పోతే పాయె."

"నాకు పాప ముఖ్యం బావా" అంది పద్మ. ఫోను కొంగులో ముడేసుకుని తిరుగుతోంది. నేనున్న పూటలోనే ఎన్నిసార్లు కూతురికి చేసిందో. ప్రతిసారీ దొడ్డెనక్కి పోయి గొంతు తగ్గించి మాట్లాడుతుంది. తల్లీ కూతుళ్లకు గుసగుసలేమిటో అనుకున్నాను.

సాయంత్రం నేనే శ్రీలతకు ఫోన్ చేశాను. "పెద్దనాయినా, నువ్వు చూడనీకి వస్తున్నవా, తీస్కపోనీకి వస్తున్నవా?" అని మొదటే అడిగేసింది.

"చూసినంక చెప్త బిడ్డా."

"నౌకరి ఇడిచిపెట్టి మర్రిగూడల నేనేం చెయ్యాలె? గొర్రెలు కాయాల్నా? ఎంత కష్టపడి నేర్చుకున్న పనో నీకు తెల్వదా?" అంది. గొంతులో కోపం కంటే బెదురే ఎక్కువ వినిపించింది నాకు. దాపరికం ఉన్నవాళ్లకే అలాంటి బెదురు ఉంటుంది. ఆ భవనంలో దూలాలు ఎక్కించిన మనిషెవరని అడిగితే, మక్తల్లో ఉండే ఇస్మాయిల్ అని చెప్పింది. వస్తున్నట్టు అతనికి చెప్పకు అన్నాను.

మహబూబ్‌నగర్ దారిలో

బస్సులో నా పక్క సీటాయన ఒళ్లో మేకపిల్ల ఉంది. దానికి టికెట్ కొట్టాలా వద్దా అని కండక్టరు, ఆయన దేవరకొండ దాకా వాదించుకున్నారు. మేకపిల్ల మాత్రం ఎవరి మాటా వినకుండా నా తువ్వాలు అంచు నమిలేసింది. కొత్త తువ్వాలు! ఆయన నవ్వి, "దానికి మీరు నచ్చిండ్రు సారూ" అన్నాడు. ఎటు పోతున్నానని అడిగాడు. ఇన్ని వివరాలు ఎందుకడుగుతున్నాడా అని చూశాను గానీ, కళ్లలో మోసం కనిపించలేదు. చెప్పాను.

"కట్టెతోటి మూడంతస్తులా? కాలదా మరి?"

"సన్నకట్టె కాలినట్టు లావు దూలం కాలదయ్యా. పైన బొగ్గు కడుతది. ఆ బొగ్గే లోపలి కట్టెకు సెగ తగలకుండ అడ్డముంటది. మా కండ్ల ముంగటనే ఒక పత్తి గోదాం తగలబడ్డది. ఇనుప రేకులు, ఇనుప పట్టీలు అప్పడాల లెక్క వంగినయి. టేకు దూలం నల్లగైంది గని నిలబడ్డది."

"ఇంకేం ఫికరు?"

"ఫికరంతా అతుకుతోటే. దూలానికి దూలం కలిసేకాడ ఇనుప పలక ఉంటది, బోల్టులుంటయి. ఇనుము సెగను లోపలికి గుంజుతది. బోల్టు చుట్టూ కట్టె బొగ్గయితది, బొక్క వదులైతది. దూలం మంచిగనే ఉంటది గని జారి కింద పడ్తది."

"అంటే మనుషులు మంచోళ్లే, నడుమ సంబంధం చెడగొట్టేటోడే ఖతర్నాక్ అన్నట్టు" అన్నాడు. అవునన్నాను. మహబూబ్‌నగర్ బస్టాండులో ఆయన దిగి నాకు చాయ్ ఇప్పించాడు. నేను వద్దన్నా వినలేదు. చాయ్‌లో పాల కంటే చక్కెరే ఎక్కువ. ఊరికే ఎందుకు ఇప్పించాడా అని మక్తల్ చేరేదాకా మధ్యమధ్యలో సంచి తడుముకున్నాను. ఏమీ పోలేదు.

మక్తల్

ఇక్కడికొచ్చేసరికి మాటలో కన్నడం కలుస్తుంది. మేం పుంటికూర అనే గోంగూరను హోటలతను 'పుండి పల్య' అన్నాడు. అదేదో కొత్త వంటకమనుకుని తెప్పించుకుంటే, పళ్లెంలో మా ఇంటి పుంటికూరే! పల్లీల కారంతో జొన్నరొట్టె మాత్రం మా వైపు కంటే పల్చగా, కాగితంలా కొట్టారు. రుచికి వంక పెట్టలేకపోయాను.

ఇస్మాయిల్ దుకాణం బజారు వెనక సందులో ఉంది. తలుపులు, మంచాలు చేస్తాడు. గడ్డం నెరిసిన మనిషి. నేనెవరో చెప్పగానే చేతిలో చిత్రిక పట్టే పని ఆపేసి కుర్చీ వేశాడు. మర్యాద ఎక్కువైతే నాకు సందేహం ఎక్కువవుతుంది.

"ఆ దూలాలు మామూలువి కావు సాబ్. పలకల మీద పలకలు జిగురుతోటి అతికించి, ఒత్తి చేస్తరు. బయటి దేశంకెళ్లి వచ్చినయి. మా పని ఎక్కించుడు, బిగించుడు. ఇనుప పలక దూలం నడుమల దాసిపెడ్తం, బయటికి కానరాదు. బోల్టు తలకాయలు లోపలికి దింపి, పైన కట్టె బిరడా కొడ్తం. సెగ ఇనుముకు తగలొద్దు, గదీ లెక్క."

"చెప్పుడు సుళువు. రుజువేంది?"

లోపలికి వెళ్లి సగానికి కోసిన దూలం ముక్క తెచ్చాడు. అప్పట్లో ఇంజనీర్లు కాల్చి చూపించిన ముక్కట. బిరడా ఉన్న బోల్టు చుట్టూ కట్టె తెల్లగానే ఉంది. బిరడా లేని బోల్టు చుట్టూ నల్లటి గుంత. చూపించడానికి దాచుకున్న ముక్క ఎప్పుడూ బాగానే ఉంటుంది, అది నేను నమ్మే రకం రుజువు కాదు. "నా ముంగట కాల్చు" అన్నాను.

పాపం, కాదనలేదు. మిగిలిపోయిన రెండు ముక్కలకు బోల్టులు బిగించాడు, ఒకదానికి బిరడా కొట్టాడు, ఒకదానికి లేదు. సందులో మూడు రాళ్లు పెట్టి మంట వేశాం. పొగ లేచి సందంతా కమ్మేసింది. నేను వంగి రంగు ఎలా మారుతోందా అని చూస్తున్నాను. అంతలో వెనక నుంచి "ఆగ్ లగీ! ఆగ్ లగీ!" అని కేక. పక్కింటి ఆమె బకెట్టు నీళ్లు ఎత్తి కుమ్మరించింది. మంట మీద సగం, నా నెత్తి మీద సగం. ఇన్నేళ్లు ఊరి మంటలార్పిన నన్ను మక్తల్‌లో ఒక ఆడమనిషి ఆర్పేసింది.

తుడుచుకుని ఆ ముక్కలు కోయించి చూశాను. అంత కొద్దిసేపట్లోనే తేడా తెలిసింది. బిరడా లేని బోల్టు వెంబడి సెగ లోపలికి దిగి కట్టె గోధుమరంగుకు తిరిగింది. రెండోది చెక్కుచెదరలేదు. సరే, పద్ధతి మంచిదే. అప్పుడు అసలు ప్రశ్న వేశాను.

"భవనంల అన్ని బోల్టులకూ బిరడాలు కొట్టినవా ఇస్మాయిల్ భాయ్?"

"కొట్టినం సాబ్."

"అన్నిటికీ?"

అతను చిత్రిక చేతిలోకి తీసుకున్నాడు. పట్టడానికి ఎదుట చెక్క లేదు. "కొట్టినం సాబ్. ఫికర్ చెయ్యకుండ్రి. పైదాంక ఎక్కి ఏం చూస్తరు, మీ మోకాళ్లు నొప్పి లేస్తయి. కింద చూస్తే అన్నీ ఒకటే తీరు" అన్నాడు.

దొరికాడు అనుకున్నాను. పై అంతస్తులో ఏదో ఉంది. బిరడాల ఖర్చు మిగుల్చుకున్నాడో, జిగురు నకిలీది వాడాడో. ఇంత మర్యాదస్తుడు మా పిల్ల నెత్తి మీద ఇంత పని చేశాడని ఒళ్లు మండింది. అక్కడే నిలదీస్తే శ్రీలతను, కేంద్రంవాళ్లను హెచ్చరిస్తాడని పైకి నవ్వి లేచాను.

ఆలంపూర్

మర్నాడు పొద్దున్నే చేరాను. ముందు జోగులాంబ అమ్మవారి దర్శనం, తర్వాత నవబ్రహ్మ ఆలయాలు. అందరూ శిల్పాలు చూస్తుంటే నేను రాయికీ రాయికీ మధ్య సందులు చూస్తూ తిరిగాను. ఒక గైడు నా వెంటపడి, "మీరు ఇంజనీరా సార్?" అన్నాడు. కాదు, అనుమానమున్న మనిషిని అన్నాను. తుంగభద్రలో కాళ్లు కడుక్కుని ఆటో ఎక్కాను.

కట్టెమేడను దూరం నుంచి చూస్తే నిజం చెప్పొద్దూ, ముచ్చటేసింది. తేనెరంగు స్తంభాలు, వెడల్పాటి వసారాలు, లోపల నుంచి మగ్గాల చప్పుడు. అంత ఎండలోనూ లోపల చల్లగా ఉంది. కేంద్రం పెద్ద వసుంధర మేడం ఎదురొచ్చారు. ప్రతి ప్రశ్నకూ జవాబు సిద్ధంగా ఉంది ఆమె దగ్గర, అదొకటి నాకు నచ్చలేదు.

"ఇక్కడ ఎవరూ ఎక్కడా ఒక్క మేకు కూడా కొట్టకూడదండీ. కట్టినవాళ్లు గట్టిగా చెప్పి వెళ్లారు. క్యాలెండర్లు కూడా తాళ్లతో వేలాడదీస్తాం" అన్నారు.

కింది అంతస్తు ప్రతి అతుకూ వేళ్లతో తట్టి చూశాను. చాకు మొనతో బిరడాల అంచులు గీకాను. ఎక్కడా సందు లేదు. రెండో అంతస్తూ అంతే. ఆడపిల్లలు మగ్గాలు ఆపి, ఈ ముసలాయన గోడలకు నాడి చూస్తున్నాడేమిటని నోళ్లకు చేతులడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వుకోండమ్మా అనుకుని మూడో అంతస్తు మెట్లెక్కాను.

సగం మెట్ల మీద నా ముక్కుకు వాసన తగిలింది. సాంబ్రాణి. దాంతోపాటు నిప్పులు.

శ్రీలత గది తలుపు తోశాను. అప్పుడే పాపకు నీళ్లు పోసినట్టుంది, మూకుడులో నిప్పులేసి సాంబ్రాణి పొగ పడుతోంది. నన్ను చూసి గబుక్కున లేచింది. "పెద్దనాయినా, కింద కూసోకపోతివి, నేనే వస్తుంటి" అంది. ఆమె వెనక మూలన చీరతో కట్టిన తొట్టెల ఉంది. ఊయలను మేం తొట్టెల అంటాం. దాని తాడు పైకి పోయి, స్తంభమూ దూలమూ కలిసే చోట ఒక రంగు గుడ్డ వెనక మాయమైంది. అందం కోసం కట్టిన గుడ్డట. స్టూలు లాక్కుని ఎక్కి గుడ్డ తీసేశాను.

అతుకుకు బిరడాలు లేవు. బోల్టులు బట్టబయలుగా ఉన్నాయి. ఒక బోల్టుకు నట్టు తీసేసి కొక్కెమున్న నట్టు బిగించారు. దానికే తొట్టెల తాడు. ఇనుము మీద సాంబ్రాణి మసి పట్టి ఉంది. కింద నిప్పుల మూకుడు, దాని పక్కనే నూలు చీర తొట్టెల. ఒక్క నిప్పురవ్వ చీరకంటుకుంటే, ఆ సెగంతా నేరుగా ఎక్కేది ఈ ఉత్త ఇనుములోకే. ఇంతవరకు చూసినవాటిలో తెరిచిన అతుకు ఇదొక్కటే, దాని కింద మా పాప.

"ఎవడు చేసిండు గీ పని?" అని అరిచాను. పాప ఉలిక్కిపడి ఏడ్చింది. వసుంధర మేడం పరుగున వచ్చి, పైకి చూసి, తెల్లబోయారు. అప్పటికప్పుడు ఇస్మాయిల్‌కు ఫోన్ కలిపి స్పీకరు పెట్టారు.

"గల్తీ నాదే మేడం" అన్నాడతను, అడగ్గానే. "గా ఒక్క అతుకుకు బిరడాలు కొట్టుడు మరిచిన. సాబ్‌కు అబద్ధం చెప్పిన. మాఫ్ చెయ్యిండ్రి."

"చూశారా! నిన్ననే అనుకున్నా నేను!" అన్నాను. గెలిచినట్టే ఉంది నాకు. శ్రీలతా, సంచి సర్దుకో అనబోతున్నాను.

"అబద్ధం పెద్దనాయినా" అంది శ్రీలత. పాపను భుజాన వేసుకుని గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "ఆయన మరవలే. నేనే తీయించిన. ఆయన వద్దంటె వద్దన్నడు. నేను కాళ్లు పట్టుకున్నంత పని చేస్తే, మా బిడ్డ లెక్క ఉన్నవమ్మా అని తీసిండు. ఎవ్వరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్న."

"ఎందుకు బిడ్డా?"

"మేకు కొట్టొద్దంటిరి. ఉన్న బోల్టే గద, కొత్తగ మేకు కొట్టలే గదా అనుకున్న." ఆగింది. "అమ్మ రోజూ ఫోన్ చేస్తది. తొట్టెల దూలానికి కట్టినవా, కట్టినవా అని ఒకటే అడుగుడు. మొదటి దానికి స్టాండు ఊయల కొనుక్కొచ్చిన్నని, ఇంటి దూలానికి కట్టలేదని, గందుకే అది నిలువలేదని అంటది. దీన్ని కూడ పోగొట్టుకోవాల్నా పెద్దనాయినా?"

మర్రిగూడలో ఆ గుసగుసలేమిటో అప్పుడు తెలిసింది నాకు. దారిపొడుగునా అందరినీ అనుమానించాను. ఇస్మాయిల్‌ను, మేడంను, చాయ్ ఇప్పించిన మనిషిని కూడా వదల్లేదు. నా తమ్ముడింట్లో ఎదురుగా కూర్చుని రొట్టెలు తింటూ పద్మ మీద మాత్రం నాకు ఏ అనుమానమూ రాలేదు. కోపం వచ్చింది, దానికంటే ఎక్కువగా ఏడుపొచ్చింది.

నిప్పుల మూకుడు బయట వసారాలో పెట్టించాను. తొట్టెల విప్పాను. ఆ రాత్రి పాపను శ్రీలత ఒళ్లోనే పడుకోబెట్టుకుంది.

పొద్దున్నే ఇస్మాయిల్ మోటారుసైకిల్ మీద దిగాడు, సంచిలో బిరడాలతో. నా ముఖం చూడలేక చూశాడు. నేనే స్టూలు పట్టుకుని నిలబడ్డాను. కొక్కెం తీసి మామూలు నట్టు బిగించి, మసి తుడిచి, జిగురు పూసి, ఒక్కొక్క బిరడా సుత్తితో దింపాడు.

"ఇప్పుడన్న నమ్ముతరా సాబ్?"

"నమ్మ" అన్నాను. చాకు తీసి గీకి చూశాను. పక్కాగా కూర్చుంది. అతను నవ్వాడు, నాకూ నవ్వొచ్చింది.

ఇక తొట్టెల. ఆ పై కప్పులో దూలానికీ పలకలకూ మధ్య అడ్డకర్రలున్నాయి, సందు ఉంది. అతుకుకు దూరంగా, నడిమధ్యన, లావుపాటి తాడు దూలం చుట్టూ రెండు వరసలు తిప్పించాను. మేకు లేదు, ఇనుము లేదు. వసుంధర మేడం కూడా తలూపారు. ముడి గట్టిదో కాదో చూడాలి కదా, నేనే పట్టుకుని కాళ్లెత్తి వేలాడాను. తలుపు దగ్గర మూగిన ఆడపిల్లలు పగలబడి నవ్వారు. దూలం కిర్రుమనలేదు. పాపను పడుకోబెట్టాం.

అప్పుడు యాదగిరి ఫోన్ వచ్చింది. "ఏమంటవన్నా? తోలుకస్తున్నవా?"

శ్రీలత నా ముఖమే చూస్తోంది.

"తోలుకరాను. ఇల్లు గట్టిది. పిల్ల నౌకరి ఇక్కడ్నే చేసుకుంటది. ఫోను పద్మకియ్యి."

పద్మను గట్టిగా తిడదామనే అనుకున్నాను. అటువైపు ఆమె చిన్నగా, "తొట్టెల దూలానికే ఉందా బావా?" అంది.

తిట్టలేకపోయాను. "దూలానికే ఉంది. నా చేతులతోటి కట్టిన" అన్నాను. "గని ఒక్క మాట విను పద్మా. మొదటి పాప స్టాండు ఊయలతోటి పోలేదు. పుట్టుకతోటే గుండెల జబ్బుండె. దవాఖానల డాక్టరమ్మ నా ముంగటనే చెప్పింది. అండ్ల నీ బిడ్డ తప్పేమీ లేదు. అప్పుడే మీకు చెప్పకపోవుడు నా తప్పు. ఇగ అడగకు."

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగాను. శ్రీలత తొట్టెల పక్కన నేల మీద కూర్చుండిపోయింది. మొదటి బిడ్డను మట్టిలో పెట్టిననాడు కంట చుక్క రాలని పిల్ల, కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఇంకోసారి చెప్పు పెద్దనాయినా" అంది.